ఏమస్ రెయిన్ పోగొట్టుకున్న చిన్న మాటలు

యార్క్‌షైర్‌లో, కెల్డ్‌రిగ్ లోయకి చిట్టచివర, హై స్కార్ అనే కమతంలో పుట్టాడు ఏమస్ రెయిన్. అక్కడితో దారి ఆగిపోతుంది. ఆ పైన ఇక గుట్ట, గాలి, గొర్రెలు, అంతే. మూడు తరాలుగా రెయిన్‌ వాళ్ళు అక్కడే గొర్రెలు కాస్తున్నారు. వాళ్ళంతా మూగోళ్ళలా బతికారని లోయలో చెప్పుకునేవాళ్ళు. ఏమస్ తాత వారానికోసారి వాతావరణం గురించి ఒక మాట అనేవాడట, అదీ బాగాలేదని. అలాంటి ఇంట్లో ఏమస్ వసపిట్టలా పుట్టాడు. సంతకి పోతే గొర్రెలు అమ్మడం కంటే మాటలు ఎక్కువ అమ్మేవాడు. పబ్బులో అతను కథ మొదలెడితే గ్లాసులు ఖాళీ అయిన సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు. పబ్బు యజమానికి అదొక్కటే బాధ.

ఆ లోయవాళ్ళ మాటలో ఒక పద్ధతుంది. ఫలానాది ఎక్కడుందంటే ఒక్క ముక్కలో చెప్పరు. గొడ్డలి కొట్టంలో ఉందనరు, ‘బయట, కొట్టంలో’ అంటారు. గొర్రెలు ‘పైన, గుట్ట మీద’ ఉంటాయి. పాస్టరు గారు ‘అవతల, లెన్ వాళ్ళింట్లో’ ఉంటారు. ముందొక మాట, వెనక ఇంకో మాట. ఎటు తిరగాలో మొదటిది చెబుతుంది, ఎక్కడ ఆగాలో రెండోది చెబుతుంది. ఇంగ్లీషువాళ్ళందరూ అంతోయింతో ఇలాగే మాట్లాడతారుగానీ, ఎత్తుపల్లాల మధ్య బతికేవాళ్ళకి అది ఊపిరితో సమానం. ఏమస్ అయితే అలాంటివి నాలుగైదు ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు, రాతిగోడ కట్టినట్టు. ‘తిరిగి పైకెళ్ళి, అవతలికి దిగి, లోపలికి, పాత సున్నపు బట్టీ వెనక్కి’ అని ఒక్క ఊపులో చెబితే, విన్నవాడు నేరుగా పోయి తప్పిపోయిన పొట్టేలు మెడ పట్టుకునేవాడు.

అతని భార్య హిల్డా ఆ లోయ మనిషి కాదు. కింద మైదానంలో, బల్లలా చదునైన ఊళ్ళో పెరిగింది. ‘మా ఊళ్ళో పైకి అంటే మేడ మీదకి, కిందకి అంటే నూతిలోకి. ఇంక వేరే పైనా కిందా మాకు లేవు’ అనేది. పెళ్ళైన ఏడాది ఎండుగడ్డి కోతల రోజుల్లో, పొద్దున్నే పొలానికి పోతూ ఏమస్ కేకేశాడు.

“నాలుగింటికి టీ పట్టుకురా పిల్లా. కింద, పై చేలో ఉంటా.”

హిల్డా టీ క్యాను పట్టుకుని బయల్దేరింది. పై చేను కాబట్టి పైకి నడిచింది. గుట్ట సగం ఎక్కాక గొర్రెలు తప్ప మనిషన్నవాడు లేడు. అప్పుడు కింద అన్నాడు కదా అని కిందకి దిగింది. దిగాక మళ్ళీ అనుమానం వచ్చింది. చివరికి ఒక గోడ మీద కూర్చుని, ఏడుపాపుకుని, టీ మొత్తం తనే తాగేసింది. సాయంత్రం ఏమస్ నాలుక పిడచగట్టుకుపోయి ఇంటికొచ్చాడు.

“టీ ఏదే?”

“నా కడుపులో.”

“కింద, పై చేలో అని చెప్పానా లేదా?”

“కిందా, పైనా? ముందు నువ్వు తేల్చుకో. తేల్చుకున్నాక టీ కాస్తా.”

“పై చేను కిందే ఉంటుందే. మా తాత నాటి నుంచీ కిందే ఉంది.”

“అయితే దాన్ని పై చేను అని ఎందుకన్నారు మీ తాత?”

“ఆయన మాట్లాడితేగా అడగడానికి!”

పొట్ట పట్టుకుని నవ్వాడు. హిల్డాకి కోపం, నవ్వు రెండూ వచ్చాయి. మర్నాడు పొద్దున ఆమె భుజాలు పట్టుకుని గుమ్మంలో నిలబెట్టాడు. “ఇదిగో, ఇక్కడ నిలబడు. మనం ఎక్కడున్నా, ఏం మాట్లాడినా, ఇక్కడ నిలబడే మాట్లాడతాం. ఇక్కణ్ణించి ఆ చేను కింద. పేరు ఏదైతే నీకెందుకు?” ఆ మాట పట్టుకుని హిల్డా లోయ అంతా నేర్చుకుంది. పిల్లలు కలగలేదు వాళ్ళకి. ఆ లోటు ఉన్నా, ఆ ఇంట్లో మాటలకి లోటు లేకుండా ముప్ఫై ఏళ్ళు గడిచాయి.

పంతొమ్మిది వందల ఎనభై మూడు ఏప్రిల్‌లో, గొర్రెలు ఈనే రోజుల్లో, ఏమస్ ఒక గొర్రెపిల్లని చంకలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. హిల్డా బక్కెట్టులో నీళ్ళు పోస్తోంది. గొర్రెపిల్ల జారి నేల మీద పడింది. ఏమస్ దానికేసి చూస్తున్నాడుగానీ వంగట్లేదు. కుడి చెయ్యి తాడులా వేలాడుతోంది. మూతి ఒక పక్కకి లాగేసింది. “ఏమస్?” అంది హిల్డా. అతను ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు.

పట్నం ఆసుపత్రి నుంచి మే నెలలో ఇంటికొచ్చాడు. కాలు ఈడుస్తూ కర్రతో నడవగలుగుతున్నాడు. చెయ్యి కొంత మేలు. తలలో అంతా సుబ్బరంగా ఉంది. ఎవరెవరో తెలుసు, ఏ గొర్రె ఏ గొర్రెకి పుట్టిందో తెలుసు. చెప్పాల్సిన మాట లోపల పూర్తిగా, పొందిగ్గా తయారయ్యేది. తీరా నోటి దాకా వచ్చేసరికి మంద ఇరుకు తలుపు దగ్గరికి వచ్చినట్టయ్యేది. పెద్ద గొర్రెలు దూకి బయటపడేవి, పిల్లలన్నీ అవతలే ఉండిపోయేవి. వస్తువుల పేర్లు వచ్చేవి. పైన, కింద, అవతల, లోపల, మీద, పక్కన, ఆ చిన్న మాటలు ఒక్కటీ వచ్చేవి కావు.

“నా కళ్ళద్దాలు చూశావా?” అని ఒకరోజు హిల్డా అడిగింది.

అతనికి తెలుసు. పైన, అల్మరా మీద, గడియారం వెనక ఉన్నాయి. నోరు తెరిచాడు. “గడియారం.”

“పదకొండయింది. టైం కాదు, కళ్ళద్దాలు.”

“గడియారం!”

“అదే చెబుతున్నా, పదకొండు.”

“గడియారం! గడియారం!” కర్రతో నేలని బాదాడు. హిల్డా భయపడి దూరం జరిగింది. ఆమె భయపడ్డం చూసి అతను కర్ర పారేసి మంచమెక్కాడు. మర్నాడు దుమ్ము దులుపుతుంటే గడియారం వెనక కళ్ళద్దాలు కనపడ్డాయి. అవి చేతిలో పట్టుకుని హిల్డా చాలాసేపు మెట్ల మీద కూర్చుండిపోయింది.

అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకున్నది లెన్ కోట్స్ వచ్చిన రోజు. లెన్‌ది వాగుకి అటువైపు కమతం. బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఒకే కోతకి ఇద్దరూ వెళ్ళారు, ఒకరి పెళ్ళికి ఒకరు తోడు నిలబడ్డారు. ఆ లెన్ వంటింట్లోకి వచ్చి, టోపీ చేతిలో నలుపుకుంటూ, చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచాడు.

“ఒరేయ్ ఏమస్! బా-గు-న్నా-వా!”

తర్వాత హిల్డా వైపు తిరిగి, గొంతు తగ్గించి, “ఇతను టీలో చక్కెర వేసుకుంటాడా?” అన్నాడు.

“వాణ్ణే అడుగు, ఎదురుగ్గా కూర్చున్నాడుగా” అంది హిల్డా. “నలభై ఏళ్ళు కలిసి తాగావు, నీకు తెలీదూ?”

నాకు నోరు పోయింది గానీ చెవులు పోలేదురా గాడిదా అందామనుకున్నాడు ఏమస్. గొంతు దాటి వచ్చింది చివరి మాట ఒక్కటే.

“గాడిద.”

లెన్ మొహం ఎర్రబడింది. టీ సగంలో వదిలేసి, పనుందని లేచి వెళ్ళిపోయాడు. ఆ వేసవంతా మళ్ళీ గడప తొక్కలేదు. వాగు అవతల అతని ట్రాక్టరు చప్పుడు రోజూ వినపడేది. ఏమస్ కిటికీ పక్కన కూర్చుని వినేవాడు.

మాటలు నేర్పడానికి ఆసుపత్రి నుంచి వారానికోసారి ఒకమ్మాయి వచ్చేది. గిలియన్ ఫెన్విక్ ఆమె పేరు. చిన్న నీలం కారు, పల్చటి బూట్లు, ఒక అట్టపెట్టె నిండా బొమ్మలు. మొదటి రోజు బల్ల మీద ఒక కప్పు పెట్టి, దాంట్లో చెంచా వేసింది.

“ఇదేంటి రెయిన్ గారూ?”

“చెంచా. కప్పు.”

“అవును. చెంచా ఎక్కడుంది?”

ఏమస్ కప్పుకేసి చూశాడు. చెంచా ఎక్కడుందో గుడ్డివాడు కూడా చెబుతాడు. నాలుక కదిపాడు, పెదాలు కదిపాడు. చెమట పట్టింది. పసిపిల్లాడికి చూపించినట్టు ఈ పిల్ల తనకి చెంచా చూపిస్తోంది. ఎడమ చేత్తో ఒక్కటి విసిరాడు. కప్పు పోయి గోడకి తగిలింది, చెంచా ఎక్కడో పడింది.

గిలియన్ అదిరిపడలేదు. మోకాళ్ళ మీద వంగి చూసి, “ఇప్పుడది అవతల, పొయ్యి కిందకి పోయింది” అంది. “కప్పు నేను కొనిపెడతా లెండి. వచ్చే వారం కలుద్దాం.”

ఆమె నిజంగానే వచ్చింది, కొత్త కప్పుతో. ఆ తర్వాత వారమూ వచ్చింది. పెద్దగా మార్పేమీ రాలేదు. ఒకరోజు పాఠం నడుస్తుండగా వాకిట్లో గోల. గొర్రెలు కంచె తోసుకుని హిల్డా కూర మళ్ళలో పడ్డాయి. క్యాబేజీలు కసకసా నమిలేస్తున్నాయి. ఏమస్ కర్ర కూడా మర్చిపోయి గుమ్మంలోకి పరిగెత్తాడు.

“నెల్! అవే టు మీ!”

కుక్క బాణంలా దూసుకుపోయింది.

“కమ్ బై! కమ్ బై, నెల్! లై డౌన్!”

గొర్రెలు ముద్దగా ఒక దగ్గర చేరి, తలలు వేలాడేసుకుని దొడ్లోకి నడిచాయి. “దట్‌ల్ డూ” అన్నాడు ఏమస్, చాల్లే అన్నట్టు. నెల్ వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. అప్పుడు చూశాడు, ఆడవాళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని తనకేసి చూస్తున్నారు.

“ఆయన ఏమన్నారు?” అంది గిలియన్ మెల్లగా.

“కుక్కతో అనే మాటలమ్మా. కమ్ బై అంటే గడియారం ముల్లు తిరిగే వైపు మందని చుట్టి రమ్మని. అవే టు మీ అంటే దానికి ఎదురు వైపు.”

“అవే అంటే దూరంగా. టు మీ అంటే నా దగ్గరికి. దూరంగా పొమ్మంటున్నారా, దగ్గరికి రమ్మంటున్నారా?”

“ముప్ఫై ఏళ్ళ నుంచీ వింటున్నా, నేనెప్పుడూ ఆలోచించలేదు. కుక్కకి తెలుసు, చాలదూ?”

ఏమస్ నవ్వాడు. ఏప్రిల్ తర్వాత అదే మొదటిసారి. మూతి ఒక పక్కే నవ్వింది, అయినా అది అతని నవ్వే.

గిలియన్ అట్టపెట్టె మూసేసింది. కొన్ని మాటలు ముక్కలుగా కాకుండా ముద్దగా ఉండిపోతాయని చెప్పింది. తిట్లు, ప్రార్థనలు, పాటలు, ఇదిగో కుక్కకి వేసే కేకలు. వాటిని జబ్బు అంత తేలిగ్గా ముట్టుకోలేదు. “ఆ ముద్దలోంచి దారం లాగుదాం” అంది. “వంటింట్లో కాదు. బయట, వాకిట్లో.”

మరుసటి వారం వాన. గిలియన్ పల్చటి బూట్లు చూసి హిల్డా తన రబ్బరు బూట్లు ఇచ్చింది. అవి ఆ పిల్లకి రెండు కొలతలు పెద్దవి. ఏమస్‌ని గుమ్మంలో నిలబెట్టి గిలియన్ అంది:

“ఇవాళ కుక్కని నేను. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతా. చెప్పకపోతే కదలను.”

ఏమస్‌కి ఇదేదో పిచ్చి వేషంలా కనపడింది. అయినా వానలో నిలబడ్డ ఆడపిల్లని చూస్తూ ఊరుకోలేక నోరు తెరిచాడు. కుక్కకి వేసినట్టే ఒక కేక తన్నుకుంటూ వచ్చింది.

“బయట!”

గిలియన్ వాకిలి మధ్యకి నడిచి ఆగింది. “బయటంటే ఎక్కడ?”

వాన కురుస్తోంది. ఆ పిల్ల ముక్కు చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏమస్ గుటకలు మింగాడు. “దొడ్డి.”

“దొడ్డి లోపలా, వెనకా, పక్కనా?”

హిల్డా చెప్పబోయింది. గిలియన్ వేలు ఎత్తి ఆపింది. చాలాసేపు అలాగే నిలబడ్డారు ముగ్గురూ. నెల్ కూడా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ మొహాలు చూస్తోంది.

“వె... వెనక” అన్నాడు ఏమస్.

“అన్నీ కలిపి?”

“బయట. దొడ్డి... వెనక.”

గిలియన్ ఆ పెద్ద బూట్లతో బురద తొక్కుకుంటూ పోయి దొడ్డి వెనక మాయమైంది. అక్కణ్ణించి “ఇక్కడ దురదగొండి మొక్కలున్నాయండీ!” అని అరిచింది. హిల్డా నవ్వాపుకోలేక ఏప్రన్‌తో మొహం కప్పుకుంది.

అలా ఎండాకాలం గడిచింది. ఎండుగడ్డి కోతలకి మనుషుల్ని పెట్టారు. మందలో సగం అమ్మేశారు. గిలియన్ రాని రోజుల్లో హిల్డానే కుక్క అయ్యేది. మొదటి మాట తొందరగా వచ్చేది. పైన, కింద, బయట, అవతల. అది తను నిలబడ్డ చోటు నుంచి పుట్టే మాట, వొంటికి తెలిసిన మాట. రెండోదే కష్టం. అది తగిలించకపోతే హిల్డా వాకిట్లో ఆగిపోయేది. తగిలిస్తే సరిగ్గా ఆ గోడ దగ్గరికి, ఆ తొట్టి పక్కకి పోయి నిలబడేది. ఎదుటి మనిషి ఇలా తన మాట వెంబడి నడవడం ఇంత పెద్ద సంగతని ఏమస్ ఎప్పుడూ అనుకోలేదు.

అంతా సాఫీగా ఏం సాగలేదు. ఆగస్టులో ఒక వారం పాటు నోరు ఒకే మాట మీద ఇరుక్కుపోయింది. ‘పైన’ అని మొదలెడితే పైన, పైన, పైన అని అరిగిపోయిన రికార్డులా తిరిగేది. గిలియన్ వచ్చినా బయటకి రాలేదు. కొట్టంలో గడ్డి మోపు మీద కుక్కని పక్కనేసుకుని కూర్చున్నాడు. హిల్డా వచ్చి పక్కన చతికిలబడింది.

“నువ్వు కబుర్లు చెప్పకపోయినా పర్లేదు ఏమస్” అంది. “కానీ నాకు పోట్లాడ్డానికి మనిషి కావాలి. పాస్టరు గారితో పోట్లాడలేను, నెల్ తిరిగి ఏమీ అనదు. నాకు విసుగ్గా ఉంది.”

ఏమస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “పోట్లాట” అన్నాడు.

“ఆఁ. పోట్లాట.”

“రేపు.”

“సరే. రేపు మొదలెడదాం.”

అక్టోబరులో చాపెల్‌లో, అంటే ఊళ్ళో ఉన్న చిన్న చర్చిలో, కోతల పండుగ విందు. రొట్టెలకి వెన్న రాయడానికి హిల్డా మధ్యాహ్నమే ఊళ్ళోకి వెళ్ళింది. ఊరు లోయలో బాగా కిందకి ఉంటుంది. ఏమస్ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా, వాగుకి అటు గట్టు మీద, లెన్ ట్రాక్టరు, పశువుల కింద పరిచే ఎండుటాకు బండిని లాక్కుంటూ అడ్డంగా పోతోంది. వాలు ఎక్కువ, పైగా రాత్రి వాన పడింది. అడ్డంగా పోకురా అని మనసులో అనుకున్నాడు ఏమస్. అనుకుంటూనే పైపు వెలిగించడానికి తల వంచాడు. తల ఎత్తేసరికి గట్టు మీద ట్రాక్టరు లేదు. వాగు ఒడ్డున ఒక పెద్ద చక్రం ఆకాశం వైపు తిరిగి నెమ్మదిగా తిరుగుతోంది.

నడవాలో టెలిఫోను. ఏళ్ళ తరబడి చాపెల్ పెద్దల్లో ఒకడిగా ఉన్నాడు కాబట్టి అక్కడి నంబరు అతని వేళ్ళకి తెలుసు. ఎడమ చేత్తో తిప్పాడు. ఎత్తింది ఈడీ పీకాక్, పోస్టాఫీసు నడిపే ఆవిడ.

“చాపెల్ హాల్. ఎవరండీ?”

నోట్లో అంతా ఇసుక.

“ఎవరు? హలో? ఇక్కడ నా కేకు మాడిపోతోంది, పిచ్చి వేషాలు వెయ్యకండి.”

“లెన్.”

“లెన్ ఇక్కడ లేడు. విందుకి రానన్నాడు. పెట్టేస్తున్నా.”

“స్టాండ్!” అన్నాడు ఏమస్.

గొర్రెలు చెదిరిపోయేటప్పుడు నెల్‌ని కొయ్యలా నిలబెట్టే కేక అది. తను అటెన్షన్‌లో నిలబడిపోయానని ఈడీ తర్వాత అందరికీ చెప్పుకుంది.

“ఏమస్? ఏమస్ నువ్వేనా?”

“లెన్. ట్రాక్టరు.” ఊపిరి పీల్చుకున్నాడు. “కింద.” అదిగో, ఇరుక్కుంది. “కింద. కింద. కింద...”

“కింద ఎక్కడ నాయనా?” అంది ఈడీ.

ఆమె విసుక్కోలేదు. ఊరికే అడిగి, ఆగింది. గుమ్మం తలుపు తెరిచే ఉంది. అందులోంచి గట్టు, వాగు, ఆ చక్రం కనపడుతున్నాయి. ఏమస్ టెలిఫోను తీగ సాగినంత మేర గుమ్మం వైపు జరిగి, అటే చూస్తూ, ఒక్కో మాటా ముందుకు తోశాడు.

“కింద. వాగు... పక్కన. కింద, వాగు పక్కన.”

రిసీవరు వేలాడుతుండగానే వదిలేసి, కర్ర పట్టుకుని, నెల్‌తో బయటపడ్డాడు.

చాపెల్‌లో ఏం జరిగిందో తర్వాత హిల్డా చెప్పింది. ఈడీ కేక వినగానే మగాళ్ళందరూ లేచారు. వాగు పక్కన కిందంటే వంతెన దిగువన ఉన్న లెన్ బీడే అనుకుని అటు పరుగు తీయబోయారు. వాళ్ళున్న చోటు నుంచి కిందంటే అదే మరి. హిల్డా వెన్న కత్తి చేత్తో పట్టుకుని తలుపుకి అడ్డం నిలబడింది. “అటు కాదు! ఏమస్ మా గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నాడు. వాడికి కిందంటే మీకు పైన. పైకి పదండి, మా ఇంటి దిగువకి!” అంది. వాళ్ళు బళ్ళు వెనక్కి తిప్పారు. ఈడీ డాక్టరుకీ అంబులెన్సుకీ ఫోను చేసింది.

ఆ లోపల ఏమస్ వాలు దిగాడు. సగం నడిచాడు, సగం కూర్చుని జారాడు. లెన్ వాగులో వెల్లకిలా పడున్నాడు. ఒక కాలు మడ్‌గార్డు కింద ఇరుక్కుంది. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. తల ఎత్తి పట్టుకోలేక మెడ వణుకుతోంది. ఏమస్ ఒడ్డున కూలబడి, ఎడమ చేత్తో అతని కోటు కాలరు పట్టుకుని, తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఎవరన్నా వస్తున్నారా?” అన్నాడు లెన్. పళ్ళు టకటకమంటున్నాయి.

తల ఊపాడు ఏమస్.

“ఫోను చేశావా? నువ్వా? ఏమని చెప్పావురా?”

ఏమస్ కాలరు ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. లెన్ కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ ఏమస్ మాట్లాడుతుంటే వినడమే అతని పని. ఇప్పుడు చలికో, భయానికో, అతనే వాగడం మొదలెట్టాడు. ట్రాక్టరుని తిట్టాడు, వానని తిట్టాడు, తనని తిట్టుకున్నాడు.

“నేను రాలేదు కదరా. ఎండాకాలం అంతా... రాలేదు. రోజూ అనుకునేవాణ్ణి. వంతెన దాకా వచ్చి తిరిగిపోయా ఎన్నిసార్లో. నువ్వు ఊరికే కూర్చుని ఉంటే నేనేం చెయ్యాలిరా? నువ్వు మాట్లాడేవాడివి, నేను వినేవాణ్ణి. అంతేగా మనం? నాకు మాట్లాడ్డం రాదు.”

కొంతసేపటికి లెన్ మాట మందగించింది. “నిద్రొస్తోందిరా. ఏదో ఒకటి అను. నిద్రపోనీకు.”

ఏమస్ లోపల చెప్పాల్సినవి గుట్టంత ఉన్నాయి. తలుపు దగ్గర దొరికిన మాట పట్టుకున్నాడు.

“గాడిద” అన్నాడు.

లెన్ నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది, దగ్గు తిట్టుగా మారింది. పైన దారి మీద బళ్ళు ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత మనుషుల కేకలు, అందరికన్నా ముందు హిల్డా గొంతు.

లెన్ కాలు దక్కింది గానీ, మునుపటిలా లేదు. ఇద్దరూ కుంటుతూ నడిచేవాళ్ళు, ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు. చలికాలం అంతా లెన్ మధ్యాహ్నాలు హై స్కార్ వంటింట్లోనే గడిపాడు. మొదట్లో ఏమస్ మాట కోసం తడుముకుంటుంటే ఆత్రంగా అందించేవాడు. “కొట్టంలోనా? పాకలోనా? గోడ మీదా?” అని వరసగా ఏకరువు పెట్టేవాడు. హిల్డా అతనికి రొట్టె ముక్క నోట్లో కుక్కి, “నమలు. నువ్వు నమిలేలోపు వాడు చెబుతాడు” అనేది. అలా లెన్ ఊరుకోవడం నేర్చుకున్నాడు. కాస్త ఒళ్ళు కూడా చేశాడు.

వసంతం వచ్చేసరికి గిలియన్ రావడం ఆపేసింది. ఇంక తను నేర్పేది లేదంది. పోతూ పోతూ రబ్బరు బూట్లు విప్పబోతే హిల్డా ఒప్పుకోలేదు. ఆ పిల్ల నీలం కారు ఎక్కేముందు ఏమస్ గుమ్మంలో నిలబడి, చాలాసేపు కూడదీసుకుని, “మళ్ళీ రా. పైకి... మా ఇంటికి” అన్నాడు. ఆమె ఏడవకుండా ఉండటానికి కుక్క తల నిమిరింది.

ఏమస్ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. మాట పూర్వంలా ఎప్పుడూ పరిగెత్తలేదు. కథలు పొడుగ్గా చెప్పలేకపోయేవాడు. రోజూ హిల్డాతో పోట్లాడేవాడు మాత్రం, నెమ్మదిగా, ఒక పోట్లాట రెండు పూటలు పట్టేది.

నవంబరులో కాపర్లందరూ పబ్బులో కలుస్తారు. దారితప్పి తమ మందలో కలిసిన గొర్రెల్ని ఎవరివి వాళ్ళకి అప్పగించే రోజు అది. గిలియన్ రావడం ఆపేసిన ఏడాది ఏమస్ ఒక నల్లమూతి పొట్టేలుని తీసుకొచ్చాడు. అది లోయ అవతలి పక్క జాక్ హార్కర్‌ది. ఏడు వారాల నుంచీ దానికోసం తిరుగుతున్నాడు జాక్.

“ఎక్కడ దొరికింది ఏమస్?” అన్నాడు.

గది నిండా మనుషులున్నారు. ఏమస్ బల్ల ఆసరాతో లేచి నిలబడ్డాడు. మాట్లాడబోతున్నాడని చూసి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గ్లాసులు కింద పెట్టారు. లెన్ నోరు మూసుకుని కూర్చున్నాడు, దవడ బిగించి మరీ.

“వెనక్కి” అన్నాడు ఏమస్. ఆగాడు. నిప్పులో బొగ్గు చిటపటమంది. “పైకి... అవతలికి. లోపల, బట్టీ... బట్టీ కింద.”

“సున్నపు బట్టీ కిందా?” అన్నాడు జాక్. “మొన్నేగా అక్కడ వెతికాను! లేదే!”

“వెతకలేదు” అన్నాడు ఏమస్. ఇంకో మాట కోసం కాసేపు తడుముకున్నాడు. అందరూ ఆగారు. “చూశావు.”

గది గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది జాకే. ఏమస్ కూర్చుని, తన గ్లాసు ఖాళీగా ఉందని లెన్‌కి చూపించాడు.